చెరువుగట్టు మీద గిన్నెలు

మా కోనసీమలో స్థానికుడెవరో, బయటినుంచి వచ్చినవాడెవరో తేల్చమని నన్నడిగితే ముందుగా గోదావరికి నోటీసు పంపిస్తాను. ఇక్కడి మట్టిలో పిడికెడు కూడా ఇక్కడిది కాదు. ఎక్కడెక్కడి కొండల్నో కరిగించి మోసుకొచ్చిన నది, సముద్రం కనబడగానే ఇక నావల్ల కాదని బరువు దింపేసింది. ఆ మట్టి మీద కొబ్బరిచెట్లు లేచాయి, వాటి నీడలో మేం లేచాం. మా పెరట్లోని కొబ్బరిచెట్టయితే ఒక వరదలో ఎగువ లంకనుంచి నిలువునా ఈదుకుంటూ వచ్చి, మా అమ్మని చోటడిగి మరీ నిలబడింది. నమ్మకపోతే మానెయ్యండి. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినాలని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఏ సగం తీసెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీదు.

నేను కార్మిక శాఖలో సహాయ అధికారిగా పనిచేశాను. రాజోలు వైపు మొదలుపెట్టి, ఎక్కువకాలం అమలాపురంలో ఉండి, మోకాళ్ళు మొరాయించాక స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. రిటైరయ్యానంటే జనం నా జుట్టు వంక అనుమానంగా చూస్తారు; ఇంకా చాలావరకు నల్లగానే ఉంది మరి. ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరే పిల్లలు ఇంటికొచ్చి, "మేడం గారూ, అసలీ ఉద్యోగం ఎలా ఉంటుందండీ?" అని అడుగుతున్నారు. చట్టాలు మీరు చదువుకునే వస్తారు. రిజిస్టర్ల సంగతి గుమాస్తాలు చెబుతారు. ఆ రెంటికీ అందనిది కాస్త ఉంటుంది. ఇది దాని గురించి.

మొదట అన్నం

నా మొదటి పై అధికారి సంజీవరావు గారు. సన్నగా, పొడుగ్గా, మడిచిన గొడుగు నడిచి వస్తున్నట్టుండేవారు. ఆయనతో నేను వెళ్ళిన మొదటి తగాదా తాటిపాక దగ్గర. గ్యాసు బావి తవ్వే పనిలో కూలి మాకే ఇవ్వాలని ఒక ఊరివాళ్ళు, బావికి దారి మా పొలాల్లోంచే కాబట్టి మాకే ఇవ్వాలని పక్క ఊరివాళ్ళు, మధ్యలో ఎవరి భాషా అర్థంకాక బిక్కమొహాలేసుకున్న ఉత్తరాది వెల్డర్లు. నేను ఫైలు చంకన పెట్టుకుని చకచకా వాళ్ళ వైపు నడిచాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు వెనకనుంచి.

"విచారణకండి."

"అన్నం తిన్నావా?"

"వచ్చేక తింటానండి."

"అయితే విచారణ కూడా వచ్చేకే చేద్దువుగాని. ముందు వాళ్ళ దగ్గర తిను. ఎవరి పొయ్యి ఎక్కడుందో, ఎవరు ఎవర్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నారో, ఎవరు విడిగా తింటున్నారో చూడు. తర్వాత నువ్వేమీ అడక్కపోయినా పర్వాలేదు."

ఈయనకి ఆకలెక్కువ కాబోలు అనుకున్నాను. ఎక్కువే. ఒకసారి ముగ్గురు యూనియన్ నాయకుల ఇళ్ళలో ఒకే మధ్యాహ్నం మూడు భోజనాలు చేసి లేవలేకపోతే, ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ముగ్గురూ కలిసి ఆయన్ని మంచం మీద మోసుకొస్తూ దారిలోనే రాజీ పడిపోయారు. సంతకాలు మంచంకోడు మీద పెట్టించాం.

కానీ ఆయన మాట నా ఉద్యోగమంతా నాతో ఉంది. పనివాళ్ళ తగాదాలో నోటితో చెప్పేది ఒకటి, నొప్పి ఉన్నచోటు మరొకటి. నొప్పిని జనం దాస్తారు. అది చిన్నదనీ, చెబితే నలుగురూ నవ్వుతారనీ సిగ్గు. అందుకని దానికి కూలి రేట్లూ, గుర్తింపు కార్డులూ తొడిగి పెద్దమనిషిలా ముస్తాబు చేసి మన ఆఫీసుకి పంపిస్తారు. మనం ఆ ముస్తాబుతో మాట్లాడి పంపేస్తాం.

వెళ్ళినవాళ్ళ ఖాళీ

వలస గురించి మీకు పాఠం చెప్పేవాళ్ళు బోర్డు మీద బాణం గుర్తు గీస్తారు, ఇక్కణ్ణించి అక్కడికి అని. నాకు మాత్రం అది గాలిలా కనబడుతుంది. ఒకచోట ఖాళీ అయితే ఇంకోచోటి గాలి వచ్చి నిండుతుంది. మా ఆడవాళ్ళు కువైట్ వంటిళ్ళలోకి వెళ్ళారు. మా మగవాళ్ళు మస్కట్ పడవల్లోకి వెళ్ళారు. ఇక్కడ వాళ్ళు వదిలిన చోట ఒడిశావాళ్ళు వచ్చి నిలబడ్డారు. మరి ఒడిశాలో వాళ్ళు వదిలిన చోట ఎవరు నిలబడ్డారయ్యా అని నేనొకసారి శుకదేవ్‌ని అడిగాను.

"సముద్రం, అమ్మా" అన్నాడు.

ఆ శుకదేవ్ కథే చెప్పబోతున్నాను. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోతే, భూమి ఎక్కడ ఆగిందో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియని చోటొకటి వస్తుంది. అన్నీ రొయ్యల చెరువులే. పొద్దున్నే మంచులో, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు తెల్లటి నురగని చిలుకుతుంటే, ఎవరో ఆకాశాన్ని కవ్వంతో తిప్పుతున్నట్టుంటుంది. అక్కడ గట్టు మీద కాసేపు నిలబడితే నా పేరేమిటో నాకే గుర్తుండేది కాదు. రొయ్యలు కూడా అలాగే నిలబడి పైకి చూసేవి. ఒక రొయ్య నన్ను గుర్తుపట్టి మీసం దువ్విందని చెబితే డ్రైవరు నమ్మలేదు.

ఆ ఊళ్ళో వల లాగే ముఠాకి పెద్ద నూకరాజు. పట్టుబడి రోజున చెరువులో వలేసి రొయ్యంతా గట్టుకి చేర్చడం తరతరాలుగా వీళ్ళ పని. ముఠాలో కుర్రాళ్ళంతా గల్ఫుకి పోయారు. మిగిలినవాళ్ళు నడుం పట్టుకుని లేచే వయసువాళ్ళు. నూకరాజు భార్య లక్ష్మి కూడా కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. రోజూ ఫోనులో అతను ఆమెని అడిగేది ఒకటే: "తిన్నావా?" ఆమె ఏం చెప్పినా నమ్మడు. "ఏం తిన్నావ్? చూపించు" అంటాడు.

లాగే చేతులు తక్కువై పట్టుబడులు ఆలస్యమవుతున్నాయని, చెరువుల యజమాని బుల్లబ్బాయి గారు ఒడిశానుంచి శుకదేవ్ ముఠాని తెప్పించాడు. భార్యాభర్తలు జంటలుగా వచ్చి, చెరువు పక్కన పంపు షెడ్డులో ఉంటున్నారు. శుకదేవ్‌కి తెలుగు కాస్త వచ్చు. అతని భార్య మాలతికి అసలు రాదు.

వాళ్ళు వచ్చాక మొదటి పట్టుబడి అయిన కొన్నాళ్ళకి మా ఆఫీసుకి అర్జీ వచ్చింది. బయటివాళ్ళు కూలి రేటు పడగొడుతున్నారు, వాళ్ళకి కార్డులు లేవు, రాత్రిళ్ళు పాటలు పాడుతున్నారు, కాబట్టి ఆదివారం లోపు షెడ్డు ఖాళీ చేయాలి. లేకపోతే మేమే చేయిస్తాం. కింద నూకరాజు సంతకం, ఊరందరి సంతకాలు. ఇలాంటి "మేమే చేయిస్తాం"లు నేను చూశాను. ఒక పాక కాలడానికి పెద్దగా సమయం పట్టదు.

వీళ్ళని పంపేస్తే ఎక్కడికి పంపాలి? శుకదేవ్ ఊళ్ళో అతని ఇంటి గుమ్మం దాకా అల వచ్చేసింది. కొత్త పిల్లలకి ఇక్కడ ఒక మాట చెబుతాను, రాసుకోండి. తగాదా ఎప్పుడూ వచ్చినవాళ్ళతోనే జరుగుతుంది. అసలు కోపం వెళ్ళినవాళ్ళ మీద ఉంటుంది. కానీ వెళ్ళినవాళ్ళు చేతికి దొరకరు.

బోర్లించిన గిన్నె

నేను ఫైలు జీపులోనే వదిలేసి, మధ్యాహ్నం వేళ చూసుకుని నూకరాజు తల్లి సూరమ్మ గారింటికి వెళ్ళాను. చిన్నగా ముడుచుకుపోయిన మనిషి. కళ్ళు మాత్రం పెద్దవి. విస్తరేసి కూర్చోబెట్టింది. ఊరికే తినడం బాగుండదని మా తాత గురించి చెప్పాను. ఆయన చర్చిలో గంట కొట్టేవారనీ, ఒక్క పూట కూడా మానలేదనీ, పోయిన రోజున కూడా సమయానికి లేచి గంట కొట్టొచ్చి మళ్ళీ పడుకున్నారనీ. సూరమ్మ గారు "ఆయ్, ఆయ్" అంటూ వింది. ఇంతలో కూర వడ్డించింది.

"ఇదేంటండి?"

"ఆనపకాయండి."

"చుట్టూ రొయ్యల చెరువులు పెట్టుకుని నాకు ఆనపకాయ పెడతారేంటండి సూరమ్మ గారూ?"

"మా ఊళ్ళో ఇప్పుడు రొయ్య లేదండి" అంది, కిటికీలోంచి తళతళలాడుతున్న చెరువుల వంక చూడకుండా.

నేను తల తిప్పాను. గోడకి మేకు మీద ఒక సత్తు గిన్నె, మూతి కిందికి వేలాడుతోంది. కింద నేలమీద మిగతా గిన్నెలన్నీ చక్కగా వెల్లకిలా ఉన్నాయి.

"ఆ ఒక్కదాన్నీ బోర్లించేరెందుకండి?"

"నేను బోర్లించలేదండి" అంది నెమ్మదిగా. "బోర్లించి ఇచ్చేరు."

సంగతి అప్పుడు బయటపడింది. పట్టుబడి రోజున గిన్నె పట్టుకుని గట్టు మీదికొచ్చి నిలబడ్డవాళ్ళకి, వాళ్ళెవరైనా సరే, ముఠా పెద్ద తన చేత్తో కూరకని దోసెడు రొయ్యలు పోస్తాడు. చెరువు ఎవరిదైనా ఆ దోసెడు ఊరిది. ఎవరూ దాన్ని అడగరు, ఎవరూ లెక్క చూడరు. కొత్త ముఠా లాగిన రోజున కూడా ఊరి ఆడవాళ్ళు మామూలుగానే వెళ్ళారు. బుల్లబ్బాయి గారి దగ్గర కొత్తగా చేరిన సూపర్‌వైజరు, ఎవర్నీ గట్టెక్కనివ్వొద్దని సైగలతో చెప్పి మాలతిని కాపలా పెట్టాడు. అందరికంటే ముందున్నది సూరమ్మ గారు. మాలతి ఆమె చేతిలోని గిన్నె తీసుకుని, బోర్లించి, రెండు చేతులతో తిరిగి చేతిలో పెట్టింది. ఆ ఊళ్ళో గిన్నె బోర్లించి ఇవ్వడమంటే మళ్ళీ మా గుమ్మం తొక్కొద్దని. వెనకున్న ఆడవాళ్ళంతా ఒక్క మాటా లేకుండా వెనక్కి తిరిగారు. ఆ రోజునుంచీ ఊరంతా రొయ్య ముట్టడం మానేసింది.

అంతలో నూకరాజు గుమ్మంలోకొచ్చాడు. "అమ్మా, ఆ సంగతి ఆవిడకెందుకే? మేడం గారూ, మా బాధ అర్జీలో రాసేమండి. అదే చూడండి."

"ఇది రాయలేదే నూకరాజు గారూ."

"కూరకి రొయ్యలివ్వలేదని అర్జీ పెడితే అమలాపురంలో నవ్వరేంటండీ?" అన్నాడు. "మా అమ్మండీ. ఈ గట్లు తవ్వినప్పుడు మట్టి మోసిన మనిషండీ ఆవిడ."

నేను విస్తరి మడిచి లేచి తిన్నగా పంపు షెడ్డుకి వెళ్ళాను. పంపు నీటిధార పక్కన మాలతి డబ్బాలో తులసి మొక్క పెంచుతోంది. శుకదేవ్ నా మాటలు ఆమెకి చెబుతుంటే ఆమె మొహం పాలిపోయింది. గబగబా ఏదో అంది.

"ఏమంటోంది?"

"అమ్మా, మాలతి చెడ్డ చేయలేదు. మా ఇంట్లో ఖాళీ గిన్నె మూతి పైకి పెట్టి తిరిగి ఇవ్వం. ఇస్తే ఆ ఇంటికి ఆకలి. అందుకే బోర్లించి, రెండు చేతులతో ఇస్తాం. మా అమ్మ దీనికి నేర్పింది. ముసలమ్మ కదా అని మర్యాద చేసింది."

సూపర్‌వైజరు మాట కాదనలేక వట్టి చేతులతో పంపాల్సివస్తే, కనీసం ఆకలి తగలకుండా పంపుదామనుకుంది ఆ పిల్ల. ఆ మర్యాదకే ఊరు అగ్గిపెట్టె తీసింది. మాలతి అప్పుడే వెళ్ళి సూరమ్మ గారి కాళ్ళు పట్టుకుంటానని లేచింది. నేను ఆపాను.

"క్షమాపణ అడిగితే వాళ్ళు పెద్దవాళ్ళయిపోతారు, నువ్వు ఎప్పటికీ బయటిదానివైపోతావు. ఇంట్లో గిన్నె ఉందా?"

శుకదేవ్ తెల్లబోయి నా మాట ఆమెకి చెప్పాడు. ఆమె ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చి చూపించింది.

"ఈసారి పట్టుబడికి అది పట్టుకుని ఆడవాళ్ళ వరసలో నిలబడు."

"పొయ్యకపోతే, అమ్మా?" అన్నాడు శుకదేవ్.

పొయ్యకపోతే సాయంత్రానికి షెడ్డు ఖాళీ.

రంగం వెళ్ళిన తాత

శనివారం తుఫాను షెల్టర్లో ఊరిని కూర్చోబెట్టాను. పక్క చెరువులో తెల్లమచ్చ తెగులు కనబడింది. బుల్లబ్బాయి గారి చెరువు తెల్లారేసరికి పట్టెయ్యకపోతే అదీ పోతుంది. రెండు ముఠాలూ కలిసి లాగితేనే అవుతుందని ఆయనే ఒప్పుకున్నాడు. సూపర్‌వైజరు మొహం ఎక్కడా కనబడలేదు. మాలతి ఎందుకలా చేసిందో నేను చెప్పాను. ఎవరూ నమ్మినట్టు లేదు. గాలి లేదు. సముద్రం దూరంగా నిద్రలో పొర్లుతున్నట్టు వినబడుతోంది. అలాంటి గాలిలేని మధ్యాహ్నాల్లో నాకు అబద్ధాలు వాటంతటవే వస్తాయి.

"మా తాత కూడా పని కోసం రంగం వెళ్ళేడండీ" అని మొదలుపెట్టాను. మా వైపు రంగం అంటే రంగూన్. "కాకినాడలో ఓడెక్కేడు. అక్కడ బియ్యం మిల్లులో అంతెత్తు బస్తాలు మోసేడు. సాయంత్రాలు ఓడ తెరచాప కొయ్య ఎక్కితే మన కొబ్బరిచెట్ల తలలు కనబడేవట. ఆ ఊరివాళ్ళు మా తాతని ఎవడ్రా నువ్వని నిలదీస్తే..."

"అమ్మాయి గారండీ" అంది సూరమ్మ గారు వెనక వరసలోంచి. "మొన్న మా ఇంట్లో అన్నం తింటా ఏం చెప్పేరండి? మీ తాత గారు ఒక్క పూటా గంట మానలేదనీ, పోయినరోజున కూడా లేచొచ్చి కొట్టేరనీ చెప్పలేదా?"

"చెప్పేనండి."

"మరి రంగం ఎప్పుడెళ్ళేరండి? ఆదివారానికీ ఆదివారానికీ మధ్యలోనా?"

షెల్టరు కప్పు లేచిపోయేలా నవ్వారు. నూకరాజు కూడా మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. నా ఉద్యోగంలో నేను చెప్పిన ఏ నిజానికీ అంత మేలు జరగలేదు. నవ్వులు తగ్గాక సూరమ్మ గారు తన చీర కొంగు సర్దుకుంది.

"నిజంగా రంగం వెళ్ళింది మా నాన్నండి. యుద్ధంలో బాంబులు పడితే అడవుల్లోంచి నడిచొచ్చేడు. దారిలో అంతా పోయి చేతిలో చిప్ప ఒకటే మిగిలిందంట. ఏదో ఊళ్ళో ఓ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఓ ఆడమనిషొచ్చి అన్నం పెట్టింది. కానీ ఒకటే తిట్టంటండి. తిడతానే పెట్టిందంట, పెడతానే తిట్టిందంట. ఆ భాష మా నాన్నకి రాదు. బతికినన్నాళ్ళూ అన్నానికి కూర్చున్నప్పుడల్లా మా అమ్మనడిగేవాడు, 'ఏమని తిట్టిందంటావే ఆవిడ?' అని. మా అమ్మకేం తెలుసండీ?"

కిటికీలోంచి చెరువుల వెలుగు వచ్చి కప్పు మీద నెమ్మదిగా ఊగింది. అందరం నీళ్ళడుగున కూర్చున్నట్టుంది. చివరికి నూకరాజు లేచి కండువా దులుపుకున్నాడు.

"రొయ్య చచ్చిపోతే ఎవరికీ మంచిది కాదు. రేపు మేం వస్తాం. మిగతాది గట్టు మీద చూద్దాం" అన్నాడు.

పట్టుబడి

ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. దారిలో సముద్రం అడ్డొచ్చిందని తర్వాత పాస్టరు గారికి చెప్పాను.

తెలతెలవారుతుంటే వల దింపారు. ఒక గట్టు వెంబడి నూకరాజు ముఠా, ఎదుటి గట్టు వెంబడి శుకదేవ్ ముఠా. మొదట్లో ఎవరి పాట వాళ్ళది, ఎవరి ఊపు వాళ్ళది. వల వంకర పోయింది. నూకరాజు తిట్టాడు. శుకదేవ్ తన మనుషుల్ని ఆపి, వీళ్ళ పాట విని, ఆ ఊపుకి కాళ్ళు కలిపాడు. మంచులో మనుషులు కనబడటం లేదు. పాట ఒక్కటే రెండు గట్ల మీదా నడుస్తోంది, దాని వెనకే వల. చూస్తుండగానే చెరువు ఒక మూలకి ముడుచుకుని, వెండిలా ఎగిరెగిరి పడింది.

ఐసు పెట్టెలు నిండాక చూస్తే, గట్టు మీద ఆడవాళ్ళు గిన్నెలతో నిలబడి ఉన్నారు. ముందు సూరమ్మ గారు, మేకు మీది గిన్నెతో. అందరికంటే చివర, రెండడుగుల దూరంలో, తలమీద ముసుగు లాక్కుని, చిన్న స్టీలు గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని మాలతి. షెడ్డులో వాళ్ళ మూటలు కట్టే ఉన్నాయని నాకు తెలుసు.

నూకరాజు తడి లుంగీతో దోసిళ్ళు పోసుకుంటూ వచ్చాడు. తల్లి గిన్నెలో పోశాడు. పక్కామెకి, ఆ పక్కామెకి. చివరికి మాలతి ముందుకొచ్చి ఆగాడు. ఎదుటి గట్టు మీద శుకదేవ్ వల మడత పెట్టడం ఆపేశాడు. నూకరాజు గిన్నె వంక చూశాడు. ఆ పిల్ల మొహం వంక చూశాడు. మళ్ళీ గిన్నె వంక చూశాడు. ఒక్కసారిగా గొంతెత్తి అరిచాడు.

"ఏంటమ్మా ఇది? గిన్నేనా, గరిటా? ఇందులో ఏం పడతాయి? నీ మొగుడొక్కడికే పెడితే సరిపోద్దా, నువ్వు తినవా? ఆడాళ్ళందరికీ ఇదే రోగం! ఎదటోళ్ళకి వండి పెట్టడం, అడిగితే తిన్నాననడం! ఎక్కడ తిన్నారు? ఏం తిన్నారు? ఈసారి పట్టుబడికి ఇంతకంటే పెద్ద గిన్నె తేకపోయేవో, చూడు మరి!"

అరుస్తూనే దోసెడు పోశాడు. గిన్నె నిండిపోయింది. ఇంకో దోసెడు పోశాడు. పట్టక రొయ్యలు ఆమె చేతుల మీదుగా జారి గట్టంతా గెంతాయి. మాలతికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కళ్ళనిండా నీళ్ళతో, గిన్నె గుండెలకి హత్తుకుని, అతను ఏం తిడుతున్నాడా అని నోటి వంకే చూస్తోంది.

నా పక్కకొచ్చి నిలబడ్డ సూరమ్మ గారు ఆ ఇద్దర్నీ చూసింది.

"ఇదేనండి అమ్మాయి గారూ" అంది. "ఆవిడ మా నాన్నని తిట్టింది ఇదేనండి."